బన్సీలాల్‌పేట బావికి మన కుటుంబ సభ్యత్వం

మన సంఘం ప్రత్యేక సంచికకు 'మన ప్రాంత చరిత్ర' మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను మొదట తప్పించుకోవాలనే చూశాను. ముప్పై ఏడేళ్ళు సర్కారు కొలువులో నోట్‌ఫైళ్ళు, డ్రాఫ్టులు రాశానే గాని చరిత్ర రాయలేదు. పైగా చరిత్ర అంటే గోల్కొండ, చార్మినార్, ఫలక్‌నుమా అని మన మనసుల్లో ముద్రపడి ఉంది. బన్సీలాల్‌పేటకు చరిత్ర ఏమిటి అని నవ్వే వాళ్ళలో ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. ఆ నవ్వు తప్పని తెలుసుకున్న తీరే ఈ వ్యాసం. ఇందులో నా పొరపాట్లు కూడా కొన్ని ఉన్నాయి. పెన్షనర్ల దగ్గర దాచేదేముంది?

ఒక కార్డు సంగతి

కొన్నేళ్ళ క్రితం నేనూ మా ఇంటావిడా అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాం. వాళ్ళది పెద్ద పట్నం కాదు. ఆ ఊళ్ళో ఒక పాత ఇంట్లో స్థానిక చరిత్ర మ్యూజియం ఉంది. ఒక ఆదివారం అమ్మాయి మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది. తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయనకు నాకంటే వయసు ఎక్కువే ఉంటుంది. అమ్మాయి పర్సులోంచి ఒక కార్డు తీసి చూపించగానే ఆయన మా అందరినీ లోపలికి రమ్మన్నాడు. టికెట్ లేదు. అదేమిటని అడిగితే, "ఫ్యామిలీ మెంబర్‌షిప్ నాన్నా. ఏడాదికి ఒకసారి కడతాం. ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లయినా రావచ్చు" అంది.

లోపల ఏముందని చూస్తే రాజుల కిరీటాలూ లేవు, వజ్రాలూ లేవు. బట్టలుతికే రేకు బల్ల, వెన్న చిలికే పీపా, ఒక బడి గంట, ఎవరిదో పెళ్ళి గౌను, పాత తపాలా పెట్టె ఉన్నాయి. ప్రతి వస్తువు కింద చిన్న చీటీ మీద ఏ కుటుంబం ఇచ్చింది, ఏ సంవత్సరంలో వాడింది అని రాసి ఉంది. మా ఇంటావిడ అన్నీ చూసి, "ఏమండీ, మన తిరగలి, మన రోకలి వీటికేం తీసిపోయాయి?" అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నాతోపాటే విమానం ఎక్కి సికింద్రాబాద్ వచ్చింది.

తరువాత విచారిస్తే తెలిసింది, ఈ సభ్యత్వాల పద్ధతి అక్కడ చాలా పాతదట. ఇంగ్లండులో పాత ఇళ్ళనూ తోటలనూ తీరప్రాంతాలనూ కాపాడే నేషనల్ ట్రస్టును 1895లో ముగ్గురు కలిసి స్థాపించారు. ఈనాడు దానికి 50 లక్షలకు పైగా సభ్యులున్నారు. సభ్యత్వం వల్ల సంస్థకు ఏటా తప్పకుండా వచ్చే ఆదాయం ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. సభ్యుడైనవాడు ఆ స్థలాన్ని 'వాళ్ళది' అనడు, 'మాది' అంటాడు. మా అమ్మాయి ఊరి మ్యూజియంలో తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా జీతగాడు కాదు. సభ్యుడు, మనలాగే పెన్షనర్.

నాగన్నకుంట నుంచి బన్సీలాల్‌పేట

ఇక మన పేట సంగతికి వస్తాను. సికింద్రాబాద్ 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన దండు ఊరు. దానికి ఒక పక్కన ఉన్న మన చోటును పూర్వం నాగన్నకుంట అనేవారు. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ టెరెన్స్ కీస్ హయాంలో ఇక్కడ ఒక ఆదర్శ గ్రామాన్ని, అంటే ఇప్పటి మాటల్లో మోడల్ కాలనీని కట్టారు. దానికి ధనసహాయం చేసిన సేఠ్ బన్సీలాల్ పేరు మీద ఇది బన్సీలాల్‌పేట అయింది. పేరు మారినా కుంట పేరు బావికి మిగిలింది. మన మెట్లబావిని ఇప్పటికీ నాగన్నకుంట బావి అనేవాళ్ళున్నారు.

ఆనాడు సికింద్రాబాద్ ఉన్నది నిజాం రాజ్యంలోనే అయినా పాలన తెల్లవాళ్ళ చేతిలో ఉండేది. 1945లో ఊరిని తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించారు. 1950లో సికింద్రాబాద్‌కు సొంత మున్సిపల్ కార్పొరేషన్ వచ్చింది. 1960లో దాన్ని హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపారు. మన సర్వీసు రిజిస్టర్లలో మాదిరిగానే మన పేటకూ ఇన్ని బదిలీలు! పై అధికారులు మారుతూ పోయారు. కదలకుండా ఉన్నది ఆ బావి ఒక్కటే. పేట పుట్టక ముందు నుంచీ, సుమారు 17వ శతాబ్దం నుంచీ అది ఉందని చెబుతారు.

చెత్తకుండీ అయిన బావి

నేను పుట్టింది 1951లో. మా ఇల్లు బావికి పిలుపు దూరంలోనే. నా చిన్నతనంలో తెల్లవారుజామున గిలక చప్పుడుతో మెలకువ వచ్చేది. అమ్మ బొక్కెన, చేంతాడు పట్టుకొని పోయేది. అక్క చిన్న బిందె పట్టుకొని వెనుక నడిచేది. ఎండాకాలం సెలవుల్లో మా ఈడు పిల్లలం మెట్లు దిగి ఈతలు కొట్టేవాళ్ళం. నీళ్ళు మోసే బాధ్యత లేని మగపిల్లవాడికి బావి ఆటస్థలం. మోసే అమ్మకు అది పని. ఈ తేడా నాకు డెబ్బై ఏళ్ళు దాటాక గాని తోచలేదు.

1908 మూసీ వరద తరువాత నగరానికి ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ వచ్చాయి. 1965లో మంజీరా నీళ్ళు వచ్చాయి. మెల్లమెల్లగా వీధి చివర సర్కారు నల్లా, తరువాత ఇంట్లో నల్లా. నల్లా వచ్చిందంటే మా అమ్మకు పండుగ. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. నడుము విరిగేలా నీళ్ళు మోసినవాళ్ళకు నల్లా విలువ తెలుసు. కాని నీళ్ళు తోడటం మానగానే బావి వైపు చూడటం కూడా మానేశాం. తోడని బావి నీళ్ళు పాచిపట్టాయి. పాచిపట్టిన బావిలో ఎవరో మొదట చెత్త వేశారు. తరువాత అందరం వేశాం.

అందరం అంటే నేనూ అని అర్థం. 1985 ప్రాంతంలో ఇంటి మరమ్మతు చేయించినప్పుడు పగిలిన పెంకులు, మట్టి మూడు నాలుగు తట్టలు కూలివాని చేత ఆ బావిలోనే పోయించాను. అద్దం పగిలిన దేవుళ్ళ పటాలు కూడా, నీళ్ళలో కలిపితే దోషం లేదని, అక్కడే వదిలాను. అప్పటికి నీళ్ళు కనబడేవే కావు, అయినా వదిలాను. కార్యాలయంలో ఒక గుండుసూది వృథా చేసినా ఒప్పుకోని గుమాస్తాను, నా తల్లి నీళ్ళు తోడిన బావిని పూడ్చడంలో చేయి వేశాను. ఇలా సుమారు నలభై ఏళ్ళు గడిచాయి. మా పిల్లలకు అక్కడ బావి ఉందనే తెలియదు. వాళ్ళకు అది ఒక చెత్తదిబ్బ.

బావి మళ్ళీ బయటపడింది

2021లో పూడిక తీయడం మొదలయింది. నీటి సంరక్షణ కోసం పనిచేసే కల్పనా రమేష్ గారి 'ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' సంస్థ, ప్రభుత్వ పురపాలక శాఖ, జి.హెచ్.ఎం.సి. కలిసి ఈ పనికి పూనుకొన్నాయి. మొదట మాలో చాలామంది నమ్మలేదు. ఫైలు కదిలినట్టే కదిలి ఆగుతుందనుకున్నాం. కాని రోజూ లారీలు వచ్చాయి. వందల లారీల చెత్త, మట్టి బయటికి పోయాయి. ముందు రాతి గోడ అంచు కనబడింది, తరువాత స్తంభాలు, ఆ తరువాత ఒక్కొక్క మెట్టు. అడుగున ఊట ఇంకా బతికే ఉంది. నేను కర్ర ఊతంతో వెళ్ళి రోజూ ఒక గంట నిలబడి చూసేవాణ్ణి. అందులో మా ఇంటి పెంకులు ఏ లారీలో పోయాయో తెలియదు. తల వంచుకొని ఇంటికి వచ్చేవాణ్ణి.

2022 మార్చి 27న ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' ప్రసంగంలో మన బావి ప్రస్తావన వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 5న అప్పటి పురపాలక శాఖ మంత్రి కె. తారకరామారావు గారు బావిని ప్రారంభించారు. ఆరు అంతస్తుల లోతు ఉందని, నిండితే సుమారు 22 లక్షల లీటర్ల నీళ్ళు పడతాయని పత్రికల్లో రాశారు. పక్కనే సందర్శకుల కోసం ఒక భవనం కట్టారు. పూడికలో దొరికిన పాత సామాన్లను గురించి కూడా అప్పట్లో పేపర్లలో వచ్చింది. దీపాలు పెట్టిన సాయంత్రం మా వీధి ఆడవాళ్ళంతా వెళ్ళి చూసి వచ్చారు. మా మనవరాలు మెట్ల మీద కూర్చొని, "తాతయ్యా, ఇక్కడ నీళ్ళు ఎట్లా తీసేవాళ్ళు? ఏ మెట్టు దాకా వచ్చేవి? అందరూ వచ్చేవాళ్ళా?" అని ఒకటే ప్రశ్నలు. రాళ్ళు శుభ్రపడ్డాయి గాని రాళ్ళు మాట్లాడవు గదా! జవాబు చెప్పవలసింది మనం. అప్పుడు నాకు అర్థమయింది, బావిని తవ్వి తీసినవాళ్ళు సగం పనే చేయగలరు, మిగిలిన సగం మన ఇళ్ళలో పూడిపోయి ఉంది అని.

పెద్ద మ్యూజియాలు, చిన్న సంస్థలు

మన ఊళ్ళో మ్యూజియాలకు కొదువ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఒక కుటుంబం చేర్చిన సొత్తు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశాక, 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడిలో దాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న భవనానికి మారింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం 1930లో మొదలయింది. అక్కడి ఈజిప్టు మమ్మీని మన తరంలో చూడని బడిపిల్లవాడు ఉండడు. రెండూ చూడవలసినవే. కాని ఒకటి మంత్రుల ఇల్లు, రెండవది రాజుగారి ఆసక్తి. మా అమ్మ బొక్కెనకు అక్కడ చోటు ఎక్కడిది?

సాధారణ కుటుంబాలు చందాలు వేసుకొని నడిపిన సంస్థలు కూడా మనకు ఉన్నాయి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1905లో మన సికింద్రాబాద్‌లోనే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిసింది. తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్ళు తమ జేబుల్లోంచి ఇచ్చి నిలబెట్టిన సంస్థలివి. కొమర్రాజు లక్ష్మణరావు గారి స్మృతిగా వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి వారు ఊరూరా శాసనాలు సేకరించి 1935లో 'తెలంగాణా శాసనములు' వెలువరించారు. ఏ పొలం గట్టున ఏ రాయి ఉందో ఆ ఊరి మనిషి చెప్పకపోతే పండితులకు తెలిసేది కాదు. కాబట్టి సభ్యత్వం అనేది మనం అమెరికా నుంచి నేర్చుకోవలసిన కొత్త విద్య కాదు. మన తాతలు చేసి చూపించినదే. మధ్యలో మనం మరిచిపోయాం.

ఆర్.డిస్., ఎల్.డిస్.

ఇక్కడ నా రెండవ పొరపాటు చెప్పాలి. కార్యాలయాల్లో పనిచేసిన మిత్రులకు ఈ అక్షరాలు వివరించనక్కర లేదు, వారి పిల్లల కోసం చెబుతున్నాను. ఒక ఫైలు ముగిసినప్పుడు దాన్ని ఎంతకాలం ఉంచాలో గుమాస్తా తేల్చాలి. కొంతకాలం తరువాత తీసివేయదగినది ఎల్.డిస్., పదేళ్ళు ఉంచవలసినది డి.డిస్., శాశ్వతంగా ఉంచవలసినది ఆర్.డిస్. భూముల కాగితాలు, హక్కుల కాగితాలు ఎల్.డిస్.లో పడేస్తే ఒక కుటుంబం కొంప మునుగుతుంది. ఆ భయంతో నేను సర్వీసంతా ప్రతి ఫైలునూ రెండుసార్లు చదివి గాని ముగించలేదు.

మా నాయిన 1984లో పోయారు. ఆయన ఒక ఆఫీసులో దఫేదారుగా పనిచేశారు. ఆయన ట్రంకు పెట్టెలో కిరాయి రసీదులు, పాత రేషను కార్డులు, ఉర్దూలో ఉన్న కాగితాలు కొన్ని, ఒక గ్రూపు ఫోటో, ఆయన జమాఖర్చు రాసుకొన్న నోటుపుస్తకాలు ఉండేవి. నాకు ఉర్దూ చదవడం అంతంత మాత్రం. ఇల్లు చిన్నది, పిల్లలు ఎదుగుతున్నారు. 1986లో సున్నాలు వేయించేటప్పుడు ఆ పెట్టె ఖాళీ చేసి కాగితాలన్నీ రద్దీవానికి తూకానికి వేశాను. ఫోటో చెదలు పట్టిందని పారేశాను. పెట్టెలో బియ్యం పోశాం. సర్కారు ఫైళ్ళకు రెండుసార్లు చదివే గుమాస్తా, తండ్రి కాగితాలను ఒక్కసారి కూడా చదవకుండా ఎల్.డిస్. చేశాడు.

ఆ కాగితాల్లో ఏమున్నదో ఇప్పుడు తెలిసే దారి లేదు. మా ఇల్లు మాకు ఎప్పుడు వచ్చింది, 1933 నాటి ఇళ్ళలో మాది ఒకటా లేక తరువాత చేరామా, నెలకు కిరాయి ఎంత కట్టారు, యుద్ధం రోజుల్లో బియ్యం ఎంత దొరికేవి, ఇవన్నీ అందులో ఉండి ఉండవచ్చు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు భద్రంగా ఉన్నాయి. నా తండ్రి నలభై ఏళ్ళ నాటి జమాఖర్చు మాత్రం ఏ కొట్లోనో మిర్చీ బజ్జీల పొట్లం అయింది.

ఒక బొక్కెన కథ

ఇంత పారేసినా ఒక ఇత్తడి బొక్కెన, ఒక ఇనుప గిలక మాత్రం మిగిలాయి. మా ఇంటావిడ వాటిని మేడ మీద తులసికోట పక్కన పెట్టింది. బావి ప్రారంభమైన తరువాత నేను ఒక రిజిస్టరు పుస్తకం కొని, అమ్మాయి ఊళ్ళో చూసిన చీటీల మాదిరిగా గళ్ళు గీశాను: వస్తువు పేరు, ఎవరు వాడారు, సుమారు ఏ సంవత్సరం, ఎలా వచ్చింది, ఈ సంగతి ఎవరు చెప్పారు. మొదటి వరుసలో బొక్కెన రాశాను. 'ఎలా వచ్చింది' అన్న గడిలో 'నాయిన కొన్నారు' అని రాసి, ఏ సంవత్సరమో రాయబోతే తెలియలేదు. వరంగల్‌లో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అక్కకు ఎనభై దాటాయి.

"నాయిన కొన్నదని నీకెవరు చెప్పిన్రు?" అంది అక్క. "నువ్వు అప్పటికి నడుస్తలేవు. ఆ యేడు ఎండలకు బావిల నీళ్ళు అడుగుకు పోయినయి. పాత రేకు బొక్కెన బొక్కపడ్డది. ఎదుటింటామె దగ్గర అడుక్కొని తోడుకుంటుండె అమ్మ. ఒకనాడు ఆమె ఏదో మాట అన్నది. అమ్మ మర్నాడు పుట్టింటోళ్ళు పెట్టిన వెండి పట్టీలు అమ్మి ఈ బొక్కెన తెచ్చుకున్నది. నాయినకు చెప్పలే. పట్టీలు పోయినయని ఆయన చానా రోజులు ఎతికిండు."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. డెబ్బై ఏళ్ళు ఆ బొక్కెనను చూస్తూ బతికాను. అక్క గనుక లేకపోతే ఆ గడిలో నేను అబద్ధం రాసి, దాన్నే చరిత్ర అని మా మనవలకు ఇచ్చేవాణ్ణి. 'నాయిన కొన్నారు' అన్నది కొట్టివేసి, సర్వీసు అలవాటు కొద్దీ పక్కన పొట్టి సంతకం పెట్టి, అక్క చెప్పినది చెప్పినట్టు రాశాను. సుమారు 1952.

అక్క ఇంకొక మాట కూడా చెప్పింది. మా అమ్మ పుట్టిన ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు బావి గట్టు ఎక్కకూడదట. కుండలు దూరంగా పెట్టుకొని, ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకొని పోవాలట. అడుక్కొని నీళ్ళు తోడుకొన్న ఆ నెలలోనే అమ్మకు వాళ్ళ కష్టం తెలిసివచ్చిందని, ఆ సంగతి అక్కతో చాలాసార్లు అన్నదని చెప్పింది. మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఊరికే 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరు పెట్టి రాయలేదు. బావి చరిత్ర రాసేటప్పుడు రాళ్ళ అందమే కాదు, గట్టు మీద ఎవరు నిలబడ్డారు, ఎవరు దూరంగా నిలబడ్డారు అన్నది కూడా రాయాలి. లేకపోతే అది సగం చరిత్రే.

నేను చెప్పే సభ్యత్వం

కాబట్టి సోదర పెన్షనర్లకు, వారి కుటుంబాలకు నా విన్నపం ఇది. నేను చెప్పే కుటుంబ సభ్యత్వానికి కార్డు లేదు, రుసుము లేదు. చేయవలసినవి నాలుగే పనులు.

మొదటిది, ఇంట్లో ఉన్న పాత కాగితం, ఫోటో, పనిముట్టు ఏదీ ఇంటి పెద్దవాళ్ళను అడగకుండా రద్దీలో వేయకండి. సున్నాలకు ముందు, ఇల్లు మారే ముందు, ముఖ్యంగా పెద్దవాళ్ళు పోయిన మొదటి ఏడాదిలో ఈ నష్టం ఎక్కువగా జరుగుతుంది. చదవలేని భాషలో ఉన్నదని పారేయకండి. ఉర్దూ చదివే మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు.

రెండవది, వస్తువుతో పాటు దాని సంగతి రాయండి. పేరు లేని ఫోటో కొన్నాళ్ళకు ఎవరిదీ కాదు. ఫోటో వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు, ఊరు, సుమారు సంవత్సరం రాయండి. బాల్‌పాయింట్ పెన్నుతో ఒత్తి రాస్తే ముందు వైపుకు గాట్లు పడతాయి. తెలియనిది తెలియదనే రాయండి.

మూడవది, ఇంట్లో అందరికంటే పెద్ద వయసు ఆడవాళ్ళను అడగండి. మన ఇళ్ళలో మగవాళ్ళకు సర్వీసు రిజిస్టరు ఉంది, వాళ్ళకు లేదు. నీళ్ళు, కట్టెలు, బియ్యం, జబ్బులు, అప్పులు, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. మనవల చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, మాట రికార్డు చేయడం వాళ్ళకు నిమిషం పని.

నాలుగవది, వస్తువు ఇవ్వడానికి తొందరపడవద్దు. ముందు జాబితా, ఫోటోలు తయారు చేద్దాం. బావి దగ్గరి భవనంలో పెట్టడానికి అధికారులు ఒప్పుకొంటే ఇద్దాం. ఇచ్చేటప్పుడు శాశ్వతంగా ఇస్తున్నామా, చూపడానికి అప్పు ఇస్తున్నామా అన్నది కాగితం మీద ఉండాలి, రసీదు తీసుకోవాలి. ఇందులో మనకంటే అనుభవజ్ఞులు ఎవరున్నారు? ఒప్పుకోకపోతే మన సంఘం గదిలోనే ఒక బీరువా చాలు. మంచి రిజిస్టరు ఉన్న బీరువా కూడా మ్యూజియమే.

రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం మన సమష్టి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుని విధి అంటుంది. 1976లో ఆ అధికరణం చేరినప్పుడు సర్కులర్ మీద సంతకం పెట్టి పక్కవారికి తోసినవాణ్ణే నేను. ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాం. వేలిముద్ర పెట్టి వస్తాం. మన అమ్మలూ నాయినలూ ఇక్కడ బతికారని సర్టిఫికెట్ ఇవ్వగలిగినవాళ్ళం కూడా మనమే. మన తరువాత ఆ వేలిముద్ర పెట్టేవాళ్ళు లేరు.

నా రిజిస్టరులో ఇప్పటికి పదకొండు వరుసలు నిండాయి. బొక్కెన కింద మా మనవరాలు బావి బొమ్మ గీసి, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చేవో నన్ను అడిగి గీత పెట్టింది. మా ఇంటావిడ తన తిరగలిని ఇవ్వడానికి ఇంకా ఒప్పుకోలేదు. "ఫోటో రాసుకోండి, తిరగలి మాత్రం నా తరువాతే" అంది. అదీ న్యాయమే. పుస్తకం మా ఇంట్లో బల్ల మీదనే ఉంటుంది. ఏ సాయంత్రమైనా రండి, మీ ఇంటి పేరు మీద ఒక వరుస రాసి వెళ్ళండి. రాసిన ప్రతి వరుసకూ చివర ఆర్.డిస్. అని వేసే బాధ్యత నాది.